కరేబియన్‌కు చవక విమానం: ముందు దీవి, తర్వాత వారం, ఆఖరున టికెట్

"కరేబియన్‌కు చవక టికెట్ ఏ సైట్‌లో దొరుకుతుంది?" అని అడిగేవాళ్లు చాలావరకు అప్పటికే దీవి ఖాయం చేసుకుని, ఆఫీసులో సెలవు కూడా పెట్టేసి ఉంటారు. ఇక అక్కడి నుంచి ఎన్ని సైట్లు తిరగేసినా పెద్దగా మిగలదు. ఎందుకంటే అవన్నీ చూపించేది దాదాపు అవే టికెట్లను. డబ్బు మిగిలేది అంతకు ముందే, ఏ దీవికి వెళ్లాలి, ఏ వారంలో వెళ్లాలి అన్న రెండు నిర్ణయాల దగ్గర. కాబట్టి ఇక్కడ సైట్ల సంగతి చివరకు నెట్టేసి, దీవులను దీవులతోనే పోలుస్తాను.

అమెరికాలో ఉంటూ వెకేషన్‌కు వెళ్లాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. యూరప్ నుంచో, ఇండియా నుంచో బయలుదేరేవాళ్లకు తర్వాత ఒక భాగం ఉంది. బహామాస్‌ను కూడా లెక్కలోకి తీసుకున్నాను. భూగోళం పుస్తకం ప్రకారం అది అట్లాంటిక్‌లో ఉంది గానీ, టికెట్ కొనేవాళ్లకు ఆ పట్టింపు లేదు.

## ముందు కొలతలు: దేన్ని బట్టి పోల్చాలి?

బీచ్ దాకా అయ్యే మొత్తం. స్క్రీన్ మీద కనిపించే ధర సగం కథే. ఉదాహరణకు నలుగురు ఉన్న కుటుంబానికి తలా 60 డాలర్లు తక్కువకు ఒక టికెట్ కనిపించిందనుకుందాం. ఆదా 240 డాలర్లు. ఆ ఎయిర్‌లైన్ రెండు బ్యాగులకు, ఒక్కోవైపు ఒక్కోదానికి 50 చొప్పున తీసుకుంటే 200 పోయింది. మిగిలిన 40 డాలర్లు, దిగిన ఎయిర్‌పోర్టు నుంచి హోటల్ గంటన్నర దూరంలో ఉంటే ట్యాక్సీలో మొదటి అరగంటకే అయిపోతాయి. ఇది ఊరికే చెప్పిన లెక్క కాదు. సెయింట్ లూసియాలో పెద్ద విమానాలు దిగే హెవనోరా ఎయిర్‌పోర్టు దీవికి దక్షిణపు కొసన ఉంది. ఎక్కువమంది హోటల్ తీసుకునే రోడ్నీ బే ఉత్తరాన ఉంది. మధ్యలో కొండ మలుపుల రోడ్డు.

దారిలో పోయే రోజులు. ఐదు రోజుల సెలవులో రెండు రోజులు కనెక్షన్లకే పోతే, మిగిలిన మూడు రోజుల హోటల్ కోసం అంత దూరం ఎగిరినట్టు. ట్రిప్ ఎంత చిన్నదైతే నాన్‌స్టాప్‌కు అంత విలువ.

కాగితాలు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇదే మొదటి జల్లెడ కావాలి. దీవిలోకి వెళ్లడానికి ఏం కావాలి అన్నది ఒక ప్రశ్న, తిరిగి అమెరికాలోకి రావడానికి ఏం కావాలి అన్నది ఇంకో ప్రశ్న. చాలామంది మొదటిది చూసుకుని రెండోది మర్చిపోతారు.

తుపాను ముప్పు. అట్లాంటిక్ హరికేన్ సీజన్ అధికారికంగా జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఉధృతంగా ఉండేది ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా. అన్ని దీవులకూ ఒకే ముప్పు లేదు, ఆ తేడానే మనకు పనికొస్తుంది.

ప్లాన్ మారితే ఎంత వెనక్కి వస్తుంది. చవక టికెట్లన్నీ ఇక్కడే దెబ్బ కొడతాయి.

## దీవులను గుంపులుగా చూస్తే

| గుంపు | అమెరికా నుంచి విమానాల పోటీ | అమెరికాకు తిరిగి రావడానికి వీసా స్టాంప్ | తుపాను ముప్పు | డబ్బు ఎక్కడ కారిపోతుంది |
|---|---|---|---|---|
| ప్యూర్టో రికో | చాలా ఎక్కువ | అవసరం లేదు | ఉంది | చలికాలంలో హోటళ్లు, కారు అద్దె |
| యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ | మధ్యస్థం | అవసరం లేదు | ఉంది | హోటళ్లు, ఫెర్రీలు |
| పుంటా కానా (డొమినికన్ రిపబ్లిక్), మాంటెగో బే (జమైకా) | ఎక్కువ | కావాలి | ఉంది | రిసార్టు దాటి బయటికి వెళ్తే ట్యాక్సీలు |
| నసావు (బహామాస్) | ఎక్కువ | కావాలి | ఉంది | తిండి, హోటల్ |
| అరూబా, కురసావు, బొనేర్ | మధ్యస్థం | కావాలి | బాగా తక్కువ | చలికాలంలో టికెట్టే |
| తూర్పున చిన్న దీవులు | తక్కువ | కావాలి | ఉంది | టికెట్, చివరి అంచె ప్రయాణం |

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, అమెరికా సిటిజన్లు మూడో కాలమ్‌ను పట్టించుకోనక్కర్లేదు.

### ప్యూర్టో రికో: ఏ లెక్క వేసినా ముందు ఇది చూడండి

రాజధాని శాన్ హువాన్‌కు జెట్‌బ్లూ, అమెరికన్, డెల్టా, యునైటెడ్, సౌత్‌వెస్ట్, ఫ్రాంటియర్ అన్నీ ఎగురుతాయి. ఇంతమంది ఒకే ఊరికి కొట్టుకుంటుంటే ధర దిగక తప్పదు. పైగా ఇది డొమెస్టిక్ ప్రయాణం. అంతర్జాతీయ టికెట్ల మీద పడే రకరకాల పన్నులు ఉండవు, వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ లైనూ ఉండదు. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే డొమెస్టిక్ విమానాల్లో డబ్బు తీసుకోరు. అదే అంతర్జాతీయ ప్రయాణమైతే వాళ్లకీ పన్నులో, టికెట్ ధరలో కొంత శాతమో కట్టాల్సి వస్తుంది.

హెచ్‌1బీ మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంప్ గడువు తీరిపోయినవాళ్లకు ఈ దీవి దాదాపు వరం. ప్యూర్టో రికోకు వెళ్తే అమెరికా దాటి వెళ్లినట్టు లెక్క కాదు. అయినా పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్‌1బీ ఆమోదపు నోటీసు) వెంట ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో సామాన్లను వ్యవసాయ శాఖ వాళ్లు స్కాన్ చేస్తారు. పండ్లు, మొక్కలు తెచ్చుకోకపోతే అది రెండు నిమిషాల పని.

శాన్ హువాన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. దీవికి వాయవ్యాన అగ్వదియాలో, దక్షిణాన పోన్సేలో కూడా ఎయిర్‌పోర్టులున్నాయి. న్యూయార్క్, ఫ్లోరిడా వైపు నుంచి వాటికి ఒక్కోసారి మంచి ధరలు పడతాయి. పడమటి తీరంలో సర్ఫింగ్ ఊరు రింకోన్‌కు వెళ్లేవాళ్లకు అగ్వదియా దగ్గర కూడా. ఎలాగూ కారు అద్దెకు తీసుకుంటారు కాబట్టి ఏ మూలన దిగినా ఇబ్బంది లేదు. కాకపోతే అగ్వదియాకు వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రో, తెల్లవారుజామునో దిగుతాయి. పిల్లలతో అయితే ఆలోచించుకోండి.

వియేకెస్, కులేబ్రా దీవులు కూడా చూడాలనుకుంటే సేబా నుంచి ప్రభుత్వ ఫెర్రీ ఉంది, టికెట్ రెండు మూడు డాలర్లలోపే. చిన్న విమానం కంటే చాలా చవక. వారాంతాల్లో సీట్లు దొరకడమే కష్టం.

### యూఎస్ వర్జిన్ ఐలాండ్స్: కాగితాలు సులువు, ధర కాదు

సెయింట్ థామస్‌కు కూడా వీసా గొడవ లేదు. కానీ వచ్చేటప్పుడు విమానం ఎక్కేముందు అమెరికా కస్టమ్స్ వాళ్లు కాగితాలు చూస్తారు. పాస్‌పోర్టు, స్టేటస్ పేపర్లు ఇంట్లో వదిలేసి వెళ్తే టెన్షన్ తప్పదు. విమానాలు శాన్ హువాన్ కంటే తక్కువ, అందుకే ధర సాధారణంగా ఎక్కువ. సెయింట్ జాన్‌కు అసలు ఎయిర్‌పోర్టే లేదు. సెయింట్ థామస్‌లో దిగి రెడ్ హుక్ నుంచి ఇరవై నిమిషాల ఫెర్రీలో వెళ్లాలి. సెయింట్ జాన్‌లో సగానికి పైగా నేషనల్ పార్కే, అక్కడి బీచ్‌ల కోసం ఈ అదనపు ఖర్చు పెట్టొచ్చని నా అభిప్రాయం. కారు తీసుకునేవాళ్లకు ఒక మాట: అమెరికా భూభాగమే అయినా ఇక్కడ రోడ్డుకు ఎడమవైపు నడపాలి.

### పుంటా కానా, మాంటెగో బే, నసావు: రిసార్టుల లోకం

డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాకు ఉత్తర అమెరికా, యూరప్ నుంచి విమానాలు కుప్పలుగా వస్తాయి. గదులు కూడా వేలల్లో ఉన్నాయి. అందుకే విమానం, హోటల్ కలిపిన ప్యాకేజీలు ఇక్కడ విడివిడిగా కొన్నదానికంటే తరచూ తక్కువకు వస్తాయి. ఎయిర్‌లైన్ల సొంత వెకేషన్ విభాగాలు, కాస్ట్‌కో ట్రావెల్ లాంటివి ఒకసారి చూసి, అదే హోటల్‌ను, అదే విమానాన్ని విడిగా కూడా లెక్క వేయండి. ప్యాకేజీలో ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకు వ్యాన్ కలిసి ఉంటే దాని విలువ కూడా కలపండి.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక విషయం. ఆల్-ఇన్‌క్లూజివ్, అంటే తిండి, తాగుడు అన్నీ గదితో కలిపి కట్టే ధరలో మందు, మాంసం, సముద్రపు తిండి వాటా చాలా ఉంటుంది. ఇంట్లో సగంమంది శాకాహారులై, మిగతా సగం మందు ముట్టనివాళ్లైతే, పక్కవాళ్లు తాగినదానికి మీరు బిల్లు కడుతున్నట్టే. అలాంటి కుటుంబానికి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్, అంటే మళ్లీ ప్యూర్టో రికో లాంటి చోటు, మొత్తం మీద చవక పడుతుంది. స్నేహితుల గుంపుకు మాత్రం లెక్క తిరగబడుతుంది.

ఇండియన్ పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే డొమినికన్ రిపబ్లిక్‌కు వేరే వీసా అడగరు. వెళ్లేముందు, వచ్చేముందు ఈ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం. దానికి డబ్బులడిగే సైట్లు కనిపిస్తే ప్రభుత్వ సైట్ కాదని అర్థం. పుంటా కానా ధర మరీ ఎక్కువగా ఉన్న వారంలో రాజధాని శాంటో డొమింగో టికెట్ కూడా చూడండి, రోడ్డు మీద రెండున్నర గంటల దూరం. కానీ క్రిస్మస్‌కు ఈ చిట్కా పనిచేయదు. శాంటో డొమింగో, జమైకాలోని కింగ్‌స్టన్, ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ విమానాల్లో టూరిస్టులకంటే సొంతూరికి వెళ్లేవాళ్లు ఎక్కువ. పండక్కి వాటి ధరలు బీచ్ ఊళ్లతో పోటీపడి పెరుగుతాయి. ట్రినిడాడ్‌కైతే ఫిబ్రవరి, మార్చిలో వచ్చే కార్నివాల్ వారం కూడా అంతే.

మాంటెగో బేకు ఇండియన్ పాస్‌పోర్టుతో వీసా లేకుండానే వెళ్లొచ్చు. బార్బడోస్, ట్రినిడాడ్ కూడా అంతే. అమెరికాకు తిరిగి రావడానికి మాత్రం స్టాంప్ సరిగ్గా ఉండాలి. 2025 అక్టోబర్ 28న హరికేన్ మెలిస్సా జమైకా నైరుతి తీరాన్ని తాకింది. మెలిస్సా తర్వాతి కాలానికి చవక ప్యాకేజీ కనిపిస్తే, డబ్బు కట్టేముందు ఆ హోటల్ పూర్తిగా తెరిచి ఉందా అని నేరుగా ఫోన్ చేసి అడగండి. నెగ్రిల్‌లో ఉండాలనుకుంటే ఎయిర్‌పోర్టు నుంచి గంటన్నర రోడ్డు ఖర్చు కలుపుకోండి.

నసావు గురించి ఎక్కువ చెప్పను. ఫ్లోరిడా నుంచి గంట ప్రయాణం, టికెట్ తరచూ ఆకర్షణీయంగానే ఉంటుంది. దిగాక తిండి, హోటల్ ధరలు ఆ ఆదాను మింగేస్తాయి. రెండు మూడు రోజుల చిన్న విరామానికి సరే. తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్ నసావులోనే పూర్తవుతుంది. ఎయిర్‌పోర్టుకు ముందుగా చేరుకోవాలి, కానీ అమెరికాలో దిగాక నేరుగా బయటికి నడిచి వెళ్లిపోవచ్చు.

### అరూబా, కురసావు, బొనేర్: సెప్టెంబర్‌లో వెళ్లగలిగితే

మిగతా కరేబియన్‌కు ఏది లేదో అది వీటికుంది: తుపాన్లు సాధారణంగా తిరిగే దారికి దక్షిణంగా, వెనిజులా తీరానికి దగ్గరగా ఉన్నాయి. హరికేన్ ఇక్కడికి నేరుగా రావడం చాలా అరుదు. టికెట్ ధర మాత్రం మిగతా కరేబియన్‌తో పాటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో దిగుతుంది, ఎందుకంటే ఆ నెలల్లో పిల్లలకు స్కూళ్లుంటాయి, జనం కరేబియన్ పేరెత్తితేనే తుపాను అని భయపడతారు. ముప్పు తక్కువున్న చోట ముప్పు ఉన్న ధరకే టికెట్ దొరకడం, ఈ మొత్తం లెక్కలో నాకు బాగా నచ్చే బేరం ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. చలికాలంలో ఈ దీవులు ఏమాత్రం చవక కావు. కొబ్బరిచెట్ల పచ్చదనం ఊహించుకుని వెళ్తే ముళ్లజెముళ్లు, ఎండు నేల కనిపిస్తాయి. ఏడాదంతా వీచే గాలి సెప్టెంబర్ ప్రాంతంలో తగ్గి ఉక్క పెరుగుతుంది. అరూబాకు ఆన్‌లైన్ ఈడీ కార్డ్ నింపాలి, దానితోపాటు 20 డాలర్ల రుసుము ఉంది. నలుగురికీ లెక్కవేసుకోండి. మూడింటిలో అమెరికా నుంచి విమానాలు ఎక్కువగా ఉన్నది అరూబాకే. వచ్చేటప్పుడు అమెరికా ఇమిగ్రేషన్ కూడా అరూబాలోనే అయిపోతుంది. కురసావు టికెట్ కాస్త ఎక్కువైనా హోటళ్లు తరచూ అరూబా కంటే తక్కువ, అందుకే రెండింటినీ మొత్తం ఖర్చుతోనే పోల్చాలి. బొనేర్ స్కూబా డైవింగ్ చేసేవాళ్ల దీవి. ఇసుక బీచ్ కోసమైతే అక్కడికి వెళ్లకండి.

### తూర్పున చిన్న దీవులు: చివరి అంచె దగ్గరే అసలు లెక్క

ఆంటిగ్వా, సెయింట్ లూసియా, గ్రెనడా, సెయింట్ కిట్స్, డొమినికా, అంగ్విల్లా. ఫొటోల్లో చూసి జనం మనసు పారేసుకునేవి ఇవే, టికెట్ చూసి వెనక్కి తగ్గేవీ ఇవే. ఒక్కో దీవికి అమెరికా నుంచి ఒకటో రెండో ఎయిర్‌లైన్లు, అవీ కొన్నిటికి వారంలో కొన్ని రోజులే. ఇక్కడ మూడు దారులున్నాయి.

ఒకటి, నేరుగా ఆ దీవికే టికెట్, ఎక్కువగా మయామి మీదుగా. ధర ఎక్కువ, బుర్రకు శ్రమ తక్కువ. విమానం ఆలస్యమై కనెక్షన్ తప్పితే ఒకే టికెట్ కాబట్టి తర్వాతి విమానంలో పంపడం ఎయిర్‌లైన్ బాధ్యత.

రెండు, పెద్ద దీవి వరకు చవక విమానం, అక్కడి నుంచి పడవ. సింట్ మార్టెన్‌లోని ప్రిన్సెస్ జూలియానా ఎయిర్‌పోర్టులో దిగి, దీవి ఫ్రెంచ్ వైపున్న మారిగో నుంచి దాదాపు అరగంట ఫెర్రీలో అంగ్విల్లా చేరొచ్చు. సింట్ మార్టెన్ నుంచే సెయింట్ బార్ట్స్‌కూ పడవలున్నాయి. సెయింట్ బార్ట్స్ రన్‌వే 650 మీటర్ల లోపే, పెద్ద విమానం దిగే ప్రశ్నే లేదు. ఈ దారిలో డబ్బు బాగా మిగులుతుంది. కానీ ఒకే దీవి మీద డచ్ వైపు, ఫ్రెంచ్ వైపు, ఆ తర్వాత బ్రిటిష్ అంగ్విల్లా అంటే మూడు రకాల ప్రవేశ నిబంధనలు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మూడింటినీ విడివిడిగా చూసుకున్నాకే టికెట్ కొనాలి.

మూడు, శాన్ హువాన్ వరకు ఒక టికెట్, అక్కడి నుంచి చిన్న విమానానికి వేరే టికెట్. కాగితం మీద అద్భుతంగా కనిపించే దారి ఇది. అసలు చిక్కు ఎక్కడంటే, రెండు టికెట్లు వేరైనప్పుడు మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం లేదు. టికెట్ పోయినట్టే. పైగా దీవుల మధ్య విమానాలు ముందే తక్కువ. ఏళ్లపాటు ఆ పని చేసిన లియాట్ ఎయిర్‌లైన్ 2020లో చేతులెత్తేసింది, తర్వాత వేర్వేరు సంస్థలు వచ్చినా ఆ ఖాళీ పూర్తిగా నిండలేదు. తొమ్మిది సీట్ల విమానాల్లో బ్యాగునే కాదు, మనుషుల్ని కూడా తూకం వేస్తారు. ఈ దారి పట్టేవాళ్లు మధ్యలో ఒక రాత్రి శాన్ హువాన్‌లో ఉండేలా చూసుకోండి. ఆ హోటల్ ఖర్చు కలిపాక కూడా చవకైతేనే చవక.

బార్బడోస్‌కు మాత్రం ఈ గుంపులో మినహాయింపు ఇవ్వాలి. అమెరికా, కెనడా, బ్రిటన్ మూడు వైపుల నుంచీ విమానాలుండటంతో దాని ధరలు మిగతావాటికంటే తరచూ మెరుగ్గా ఉంటాయి. ఆగస్టు మొదట్లో క్రాప్ ఓవర్ ఉత్సవం ముగిసే వారాన్ని తప్పించండి.

### పడమటి తీరంలో ఉన్నవాళ్లకు ఒక పక్కదారి

సియాటిల్, బే ఏరియా, లాస్ ఏంజిలెస్ నుంచి పైన చెప్పిన దీవులకు నాన్‌స్టాప్‌లు దాదాపు లేవనే చెప్పాలి. రాత్రి విమానం, తెల్లవారి కనెక్షన్, మధ్యాహ్నానికి దీవి. అలాంటివాళ్లు మెక్సికోలోని కాన్‌కూన్ టికెట్ కూడా పక్కన పెట్టి చూడాలి. కాన్‌కూన్ దీవి కాదు, నిజమే. కానీ అక్కడి నుంచి ఇరవై నిమిషాల ఫెర్రీలో ఇస్లా ముహేరెస్, ప్లాయా దెల్ కార్మెన్ నుంచి ముప్పావుగంటలో కోజుమెల్ చేరతారు. రెండూ అచ్చమైన కరేబియన్ దీవులే.

చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. స్టాంప్ గడువు తీరినవాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆటోమేటిక్ రీవాలిడేషన్ నిబంధన ప్రకారం, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) చెల్లుబాటులో ఉంటే మెక్సికోకో, కెనడాకో 30 రోజుల్లోపు వెళ్లి గడువు తీరిన స్టాంప్‌తో తిరిగి రావచ్చు. కరేబియన్ దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్ (చదువు), జే (ఎక్స్చేంజ్) వీసాల వాళ్లకే, అదీ క్యూబా కాకుండా. హెచ్‌1బీ వాళ్లకు లేదు. సరే మెక్సికో వెళ్దామంటే, గడువు తీరిన అమెరికా వీసాను మెక్సికో ఒప్పుకోదు, వాళ్ల వీసా విడిగా తీసుకోవాలి. అందుకే స్టాంప్ లేని హెచ్‌1బీ కుటుంబానికి చుట్టూ తిరిగి మళ్లీ ప్యూర్టో రికోనే సులువైన జవాబు.

## ఏ వారం?

| కాలం | టికెట్ | వాతావరణం |
|---|---|---|
| డిసెంబర్ మధ్య – న్యూ ఇయర్ | ఏడాదిలోకెల్లా ఎక్కువ | హాయిగా |
| జనవరి రెండో, మూడో వారం | అనుకున్నదానికంటే తక్కువ | హాయిగా |
| ఫిబ్రవరి – ఏప్రిల్ మొదటి భాగం | ఎక్కువ | పొడిగా, బాగుంటుంది |
| ఈస్టర్ తర్వాత – మే చివర | బాగా తగ్గుతుంది | వెచ్చగా, అప్పుడప్పుడు జల్లులు |
| జూన్ – ఆగస్టు మధ్య | మధ్యస్థం | వేడి, తుపాన్ల మొదలు |
| ఆగస్టు చివర – అక్టోబర్ | అన్నిటికంటే తక్కువ | తుపాన్లు ముమ్మరం |
| నవంబర్ – డిసెంబర్ మొదట్లో | తక్కువ, థ్యాంక్స్‌గివింగ్ వారం తప్ప | తేరుకుంటుంది |

ఈ పట్టికలో చూసీచూడనట్టు వదిలేసే వరుస జనవరిది. న్యూ ఇయర్‌కు వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చేశాక, మార్టిన్ లూథర్ కింగ్ వారాంతానికి ముందు, విమానాలు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. వాతావరణం మాత్రం డిసెంబర్‌లో ఉన్నట్టే ఉంటుంది. సెలవు దొరికేవాళ్లకు ఈస్టర్ తర్వాతి వారాలు, నవంబర్ మొదటి వారాలు కూడా అంతే మంచివి.

బడికి వెళ్లే పిల్లలున్నవాళ్లకు ఈ స్వేచ్ఛ లేదు. వాళ్ల చేతిలో ఉన్నది వేసవి, స్ప్రింగ్ బ్రేక్. వేసవిలో వెళ్లేట్టయితే బడి మూసిన వెంటనే జూన్ మొదట్లో వెళ్లండి. జూలై, ఆగస్టులకంటే ధర, తుపాను ముప్పు రెండూ తక్కువ. అలాగని పూర్తి భరోసా లేదు. 2024లో హరికేన్ బెరిల్ జూలై 1నే గ్రెనడాకు చెందిన కరియాకూ దీవిని నేలమట్టం చేసింది.

వారంలో మంగళ, బుధవారాల్లో ఎగిరితే సాధారణంగా తక్కువ. "మంగళవారం కొంటే చవక" అనేది మాత్రం పాత పుకారు. కొనే రోజు కాదు, ఎగిరే రోజు ముఖ్యం. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టి వెతికితే ధర తగ్గుతుందనేదీ అలాంటిదే. దాని మీద పెట్టే సమయం, ఏ తేదీకి ఎంత ధరో పక్కపక్కన చూపే తేదీల గ్రిడ్ మీద పెట్టండి.

## ఇక వెతకడం

గూగుల్ ఫ్లైట్స్‌లో ఎక్స్‌ప్లోర్ మ్యాప్ తెరిచి, దీవి పేరు ఇవ్వకుండా నెల మాత్రం ఇచ్చి కరేబియన్ మీదకు జరపండి. ఏ దీవికి ఎంత అనేది ఒక్క చూపులో కనిపిస్తుంది. స్కైస్కానర్‌లో గమ్యాన్ని ఖాళీగా ఉంచి వెతికితే కూడా ఇదే పని జరుగుతుంది. బయలుదేరే చోట ఒకటి కాకుండా దగ్గరలోని ఎయిర్‌పోర్టులన్నీ ఇవ్వండి. మయామితోపాటు ఫోర్ట్ లాడర్‌డేల్, నూవార్క్‌తోపాటు కెన్నెడీ. దీవి, తేదీలు ఒక కొలిక్కి వచ్చాక ప్రైస్ అలర్ట్ పెట్టి వదిలేయండి. మామూలు వారాలకైతే ఒకటి నుంచి మూడు నెలల ముందు కొనడం నాకు సబబుగా తోస్తుంది. క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్‌లకు ఆగి చూడటం జూదమే. నచ్చిన ధర కనిపిస్తే కొనేయండి.

వెతకడం ఎక్కడైనా సరే, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సైట్‌లోనే. పేరు ఎప్పుడూ వినని ఏజెన్సీ సైట్‌లో కాస్త తక్కువకు వచ్చిందని కొంటే, తుపాను వచ్చి విమానం రద్దైన రోజున ఎయిర్‌లైన్ "మీ ఏజెంట్‌ను అడగండి" అంటుంది, ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

బేసిక్ టికెట్టా, మామూలు ఎకానమీయా? ఫ్రాంటియర్ లాంటి చవక ఎయిర్‌లైన్ల అడుగు ధరలో సీటు కింద పట్టే చిన్న బ్యాగే వస్తుంది. పైన పెట్టుకునే క్యారీ-ఆన్‌కు కూడా డబ్బు. పాత అలవాటుతో సౌత్‌వెస్ట్‌లో రెండు బ్యాగులు ఉచితమనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, 2025 మే 28 నుంచి కొన్న టికెట్లకు ఆ సౌకర్యం చాలామందికి పోయింది. ఒంటరిగా, వీపు బ్యాగుతో, నాలుగు రోజులకు వెళ్లేవాళ్లకు బేసిక్ భేషుగ్గా ఉంటుంది. పిల్లలతో, అదీ తుపాను నెలల్లో వెళ్లేవాళ్లకు నేను వద్దంటాను. సీట్లు విడిపోతాయి, ప్లాన్ మార్చుకోవడమూ కష్టం.

పాయింట్లు. పండగ వారాల్లో పాయింట్ల ధర కూడా నగదు ధరతోపాటే పెరుగుతుంది. చవక వారంలో నగదు కట్టి, పాయింట్లను తూర్పు దీవుల లాంటి ఖరీదైన టికెట్లకు దాచుకోవడం మేలు.

ఇన్సూరెన్స్. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపాను నష్టానికి వర్తించదు. ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య ఉత్తర దీవులకు వెళ్లేట్టయితే టికెట్ కొన్న వారంలోనే పాలసీ తీసుకోండి. ఆ ఖర్చు కలిపాక అరూబా టికెట్‌తో మరోసారి పోల్చి చూడండి.

## అమెరికా బయటి నుంచి వచ్చేవాళ్లకు

యూరప్‌లో ఉంటే ఏ దీవికి ఏ దేశంతో పాత బంధం ఉందో చూస్తే చాలు, చవక దారి దొరుకుతుంది. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగం. ప్యారిస్ నుంచి ఎయిర్ ఫ్రాన్స్, ఎయిర్ కరైబ్, కోర్సెయిర్ వాటికోసం పోటీపడతాయి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్ఎం డచ్ దీవులకు వెళ్తుంది. లండన్ నుంచి బార్బడోస్, ఆంటిగ్వా, జమైకాలకు, మాడ్రిడ్ నుంచి శాంటో డొమింగోకు నేరుగా విమానాలున్నాయి. కెనడాలో చలికాలం చార్టర్ ప్యాకేజీలను మించిన బేరం ఉండదు.

ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. లండన్ మీదుగా వచ్చేవాళ్లు ఒకటి జాగ్రత్తగా చూడాలి. ఇండియా విమానం హీత్రోలో దిగితే, కరేబియన్ విమానం గ్యాట్విక్ నుంచి బయలుదేరడం మామూలే. ఎయిర్‌పోర్టు మారడమంటే బ్రిటన్‌లో అడుగుపెట్టడమే, దానికి వీసా నిబంధనలు వేరు. వెతికేటప్పుడు రెండు ఎయిర్‌పోర్టుల పేర్లూ ఒకటేనా అని చూడటం మర్చిపోవద్దు. అమెరికా మీదుగా వచ్చేవాళ్లకు ఊరికే విమానం మారడానికైనా అమెరికా వీసా ఉండాలి.

## కొన్నాక

అమెరికా నుంచి బయలుదేరే టికెట్లను ప్రయాణానికి ఏడు రోజులు, అంతకంటే ముందు ఎయిర్‌లైన్ దగ్గరే కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కొన్ని ఎయిర్‌లైన్లు దీనికి బదులు కొనకుండానే ధరను ఒకరోజు ఆపి ఉంచుతాయి. మంచి ధర కనిపిస్తే ముందు కొనేసి, సెలవు, హోటల్, వీసా నిబంధనలు ఆ ఒక్కరోజులో తేల్చుకోండి. తుపాను వల్లో, మరే కారణంతోనో ఎయిర్‌లైనే విమానం రద్దు చేసి, వాళ్లిచ్చే వేరే విమానం మీకు వద్దనుకుంటే, డబ్బే వెనక్కి ఇవ్వాలి. వోచర్ తీసుకోమంటే ఒప్పుకోనక్కర్లేదు. అంతర్జాతీయ విమానం సమయం ఆరు గంటలు, డొమెస్టిక్ అయితే మూడు గంటలు మించి మారినా అంతే.

ప్రైస్ అలర్ట్‌ను కొన్న రోజునే తీసేయకండి. అమెరికన్, డెల్టా, యునైటెడ్‌లలో మామూలు ఎకానమీ టికెట్‌కు అమెరికా నుంచి వెళ్లే ప్రయాణాల్లో మార్పు రుసుము లేదు. ధర తగ్గితే అదే విమానానికి కొత్త ధరతో మార్చుకుని తేడాను క్రెడిట్‌గా తీసుకోవచ్చు.